అంతర్జాల కథావేదికపై కొత్త రచయిత, పాఠకాదరణ: ప్రతిలిపి తెలుగు ధారావాహికల నేపథ్యం

వ్యాససంగ్రహం

పత్రికలో తొలి రచన అచ్చయిన రచయితకు ఆ పత్రిక పాఠకులే పాఠకులయ్యేవారు. అంతర్జాల కథావేదికలో కొత్త రచయితకు అలాంటి సిద్ధమైన పాఠకవర్గం ఉండదు. ఒక్కొక్కరినీ తానే సంపాదించుకోవాలి. ఆ సంపాదన ఏయే దశల్లో జరుగుతుంది, వేదిక చూపే పఠనసంఖ్య నిజమైన పఠనాన్ని ఎంతవరకు సూచిస్తుంది, పాఠకుల వ్యాఖ్యలను రచయిత ఎలా గ్రహించాలి అన్న ప్రశ్నలను ఈ వ్యాసం ప్రతిలిపి తెలుగు ధారావాహికల నేపథ్యంలో పరిశీలిస్తుంది. రాజశేఖరుని కావ్యమీమాంసలోని భావక విభజనను, తెలుగు పత్రికల ధారావాహిక సంప్రదాయాన్ని ఆధారం చేసుకొని, రచనను తెరిచినవారి సంఖ్య కన్నా తర్వాతి భాగానికి తిరిగివచ్చినవారి సంఖ్యే కొత్త రచయితకు సరైన కొలమానమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అంతర్జాల సాహిత్యం, ప్రతిలిపి, ధారావాహిక, పాఠకాదరణ, భావకుడు, పఠనసంఖ్య, సంపాదకుడు.

1. ఉపోద్ఘాతం

తెలుగు కథ, నవల పాఠకులను చేరే మార్గాలు గత రెండు దశాబ్దాల్లో బాగా మారాయి. కెనడాలోని టొరంటో కేంద్రంగా 2006లో మొదలైన వాట్‌ప్యాడ్, రచయిత తన రచనను భాగాలుగా తానే ప్రచురించుకొనే పద్ధతిని ప్రపంచవ్యాప్తంగా ప్రచారంలోకి తెచ్చింది. భారతీయ భాషలకు అలాంటి అవకాశాన్ని కల్పిస్తూ 2014లో బెంగళూరు కేంద్రంగా ప్రతిలిపి ఏర్పడింది. తెలుగుతో కలిపి పన్నెండు భాషల్లో రచనలు ఇందులో వెలువడుతున్నాయి. సెల్‌ఫోన్‌లో తెలుగు టైపు చేయగలిగిన ఎవరైనా ఇక్కడ రచయిత కావచ్చు. గృహిణులు, విద్యార్థులు, ఉద్యోగులు, పదవీ విరమణ చేసినవారు, విదేశాల్లో స్థిరపడిన తెలుగువారు పత్రికా కార్యాలయం గడప తొక్కకుండానే రచనను వెలువరించగలుగుతున్నారు.

ప్రచురణ సులభమైంది. పాఠకుడు దొరకడం మాత్రం సులభం కాలేదు. ప్రచురణకు అడ్డంకులు తొలగిన చోట రచనలు రాశిపోస్తాయి. ఆ రాశిలో కొత్త పేరు పాఠకుడి కంటపడడమే మొదటి సమస్య అవుతుంది. రచన పక్కనే పఠనసంఖ్య, రేటింగ్, సమీక్షల సంఖ్య కనిపిస్తుంటాయి కాబట్టి తనను ఎంతమంది చదివారో, ఎంతమంది చదవలేదో రచయితకు పూటపూటకూ తెలుస్తూనే ఉంటుంది. గతంలో ఏ తెలుగు రచయితకూ లేని అనుభవం ఇది. ఈ అనుభవం రచయితను ఎటు నడిపిస్తుందన్నది సాహిత్య విమర్శ పట్టించుకోవలసిన విషయం. పాఠకుల కోసం చేసే ప్రయత్నం రచనను పదునుపెట్టవచ్చు, పలచబరచనూవచ్చు. ఆ రెంటి మధ్య భేదాన్ని గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పాఠకులను సమకూర్చిన పత్రిక

కొత్త రచయిత స్థితిని అర్థం చేసుకోవడానికి అచ్చు పత్రికల కాలాన్ని ఒకసారి పరిశీలించాలి. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించారు. రాజశేఖర చరిత్రము 1878 నుంచి ఆ పత్రికలో భాగాలుగా వెలువడి 1880లో పుస్తకరూపం పొందింది. నవల అన్న ప్రక్రియే అప్పటి తెలుగు పాఠకులకు కొత్త. అయినా పత్రికకు అప్పటికే ఒక పాఠకవర్గం ఉంది. సంఘసంస్కరణ వ్యాసాల కోసం పత్రికను చేతిలోకి తీసుకున్నవారే నవలకూ పాఠకులయ్యారు. 1890లలో చింతామణి పత్రిక నిర్వహించిన నవలల పోటీలు కొత్త నవలాకారులకు గుర్తింపు తెచ్చాయి. గురజాడ దిద్దుబాటు కథ 1910లో ఆంధ్రభారతిలో వెలువడింది.

స్వాతంత్ర్యానంతరం వార, మాస పత్రికలు విస్తరించిన కొద్దీ ఈ సంబంధం మరింత బలపడింది. కోడూరి కౌసల్యాదేవి చక్రభ్రమణం నవల ఆంధ్రప్రభ వారపత్రిక పోటీలో బహుమతి పొంది, ఆ పత్రికలోనే ధారావాహికగా వచ్చి, 1964లో డాక్టర్ చక్రవర్తి చలనచిత్రానికి ఆధారమైంది. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ జ్యోతి మాసపత్రిక ద్వారా, యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం ఆంధ్రభూమి వారపత్రిక ద్వారా ఇంటింటికీ చేరాయి. ఈ విజయాలలో రచయితల ప్రతిభతో పాటు పత్రికల పంపిణీ, పోటీల ప్రతిష్ఠ, సంపాదకుల ఎంపిక కూడా పాలుపంచుకున్నాయి.

సంపాదకుడు రచయితకు మూడు పనులు చేసిపెట్టేవాడు. రచనను ఎంపిక చేసేవాడు, దిద్దేవాడు, పత్రికలో తగిన స్థానం కల్పించేవాడు. నాలుగో పని కూడా ఉంది: తిరస్కరించేవాడు. తిప్పి పంపడానికి తగినన్ని తపాలా బిళ్ళలు అంటించిన కవరును జతచేసి కథలు పంపిన తరం రచయితలకు తిరుగుటపాలో వచ్చిన కథ బాధ కలిగించేది. అయినా తన కథను పత్రికా కార్యాలయంలో ఎవరో ఒకరు చూశారన్న నమ్మకాన్ని ఆ కవరు మిగిల్చేది. అంతర్జాల వేదికలో ఈ తరహా తిరస్కారం లేదు. దాని స్థానంలో నిశ్శబ్దం వచ్చింది. కథ ప్రచురితమవుతుంది, సంఖ్య కదలదు. కథ బాగాలేదా, ఎవరికీ కనిపించలేదా అన్నది తేల్చుకొనే ఆధారం రచయితకు దొరకదు. కొత్త రచయిత తీసుకొనే చాలా తప్పుడు నిర్ణయాలకు మూలం ఈ అస్పష్టతే.

3. గడప దగ్గరి పాఠకుడు: శీర్షిక, పరిచయం, తొలి వాక్యాలు

శీర్షిక, ముఖచిత్రం, ముందుమాట వంటి అంశాలు గ్రంథానికి గడపలాంటివని ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ 1987లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. వీటిని ఆయన పారాటెక్స్ట్ అన్నాడు. లోపలికి రావాలా, వెనుదిరగాలా అని పాఠకుడు నిర్ణయించుకొనేది అక్కడే. తెలుగు కావ్య సంప్రదాయానికి ఈ భావన కొత్త కాదు. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద, కృతిభర్త ప్రశంస, షష్ఠ్యంతాలు కలిసిన అవతారిక ఒక గడప. ఆశ్వాసం మొదటా చివరా కృతిభర్తను సంబోధించే పద్యాలు ఆ గడపను కావ్యం పొడవునా మళ్ళీ మళ్ళీ గుర్తుచేస్తాయి. నేటి ధారావాహిక రచయిత ప్రతి భాగం చివర పాఠకులను పలకరిస్తూ అభిప్రాయం కోరడం ఈ పాత మర్యాదకు కొత్త రూపంగా భావించవచ్చు. అప్పటి కవి ఒక కృతిభర్తను సంబోధించాడు; ఇప్పటి రచయిత ముఖం తెలియని అనేకులను సంబోధిస్తున్నాడు.

సెల్‌ఫోన్ తెరపై ఈ గడప చాలా ఇరుకైనది. చిన్న ముఖచిత్రం, ఒక శీర్షిక, నాలుగు పంక్తుల పరిచయం మాత్రమే అందులో ఇముడుతాయి. ప్రేమ, అమ్మ, జీవితం వంటి శీర్షికలు విషయాన్ని చెబుతాయి గానీ కథను చెప్పవు. ఒకే తరహా పేర్ల మధ్య కలిసిపోతాయి. దిద్దుబాటు అన్న శీర్షిక ఇందుకు భిన్నమైనది. ఎవరిని ఎవరు దిద్దుతారు, ఏ తప్పును దిద్దుతారు అన్న ప్రశ్న ఆ ఒక్క మాటలోనే ఉంది. కథ చదివాక భార్య భర్తను దిద్దిందన్న అర్థం స్థిరపడి, శీర్షిక రెండోసారి వెలుగుతుంది. కథలోకి ప్రవేశించే తీరూ గమనించదగినదే. వేళ కాని వేళ ఇంటికి చేరిన గోపాలరావు తలుపు దగ్గర నిలబడడంతో కథ ఆరంభమవుతుంది. అతని కులగోత్రాలు, చదువు, దాంపత్య చరిత్ర ముందుగా ఏకరువు పెట్టలేదు. ఇంట్లో కమలిని లేదన్న సంగతి అతనికెంత దిగ్భ్రాంతి కలిగిస్తుందో పాఠకుడికీ అంతే కలిగిస్తుంది. కొత్త రచయితల తొలి భాగాలు తరచు పాత్రల పరిచయాలతో, వాతావరణ వర్ణనతో నిండి, అసలు సంఘటనను రెండో మూడో భాగానికి వాయిదా వేస్తాయి. పత్రిక చందాదారు అంతవరకు ఓపిక పట్టగలడు, పత్రికకు డబ్బు అతను ముందే చెల్లించాడు. ఫోన్ పాఠకుడికి ఆ నిర్బంధం లేదు.

వర్గీకరణ కూడా గడపలో భాగమే. ప్రేమ, కుటుంబం, సస్పెన్స్, హారర్ వంటి విభాగాలలో రచయిత తన రచనను చేర్చినప్పుడు పాఠకుడికి ఒక మాట ఇచ్చినట్టే. పాఠకుడు రచనను ఒక నిరీక్షా పరిధితో సమీపిస్తాడన్న హాన్స్ రాబర్ట్ యాస్ సిద్ధాంతం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఉత్తమ రచన ఆ పరిధిని విస్తరింపజేస్తుంది. ఎక్కువమంది చదువుతారన్న ఆశతో కుటుంబ కథకు హారర్ ముద్ర తగిలిస్తే ఆ పరిధి విస్తరించదు, విరుగుతుంది. అలా వచ్చిన పాఠకుడు మొదటి భాగం సంఖ్యను పెంచి, రెండో భాగం ముందు ఆగిపోతాడు. ఆ రచయిత పేరు మళ్ళీ కనిపించినప్పుడు అతను జాగ్రత్తపడతాడు.

4. మజిలీ, ప్రశ్న: భాగాల నిర్మాణం

గడప దాటిన పాఠకుడిని నిలుపుకొనేది భాగాల నిర్మాణం. ఈ విద్యకు తెలుగులో పాత నమూనాలున్నాయి. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు యాత్రలోని ఒక్కో మజిలీలో గొల్లపిల్లవాడికి కథ చెబుతాడు. దారిలో తాను చూసిన వింతకు కారణం చెప్పాలన్నది పిల్లవాడి షరతు. అంటే కథ శ్రోత కుతూహలం నుంచి పుడుతుంది; ఆ కుతూహలం తీరాకే ప్రయాణం ముందుకు సాగుతుంది. చందమామ పాఠకులకు చిరపరిచితమైన భేతాళ కథల్లో మరొక పద్ధతి ఉంది. కథ పూర్తవుతుంది, సంఘటనలన్నీ వెల్లడవుతాయి, చివర ధర్మసందేహం మిగులుతుంది. విక్రమార్కుడు జవాబు చెప్పేలోగా పాఠకుడు కూడా తనదైన జవాబును వెతుక్కుంటాడు.

ప్రస్తుత ధారావాహికల్లో తరచు కనిపించే ముగింపు వీటికి భిన్నమైనది. తలుపు తెరుచుకుంటుంది, ఎదురుగా ఉన్న వ్యక్తిని చూసి కథానాయిక నిర్ఘాంతపోతుంది, భాగం ముగుస్తుంది. ఆ వ్యక్తి ఎవరన్నది పాత్రకు తెలిసింది, రచయితకు తెలుసు, పాఠకుడికి మాత్రమే తెలియదు. ఇది దాచిపెట్టిన సమాచారం. తర్వాతి భాగం మొదటి వాక్యంతోనే ఆ ఉత్కంఠ ఖర్చయిపోతుంది. భేతాళ కథల ప్రశ్న అలా ఖర్చు కాదు, కథలోని పాత్రల మంచిచెడ్డల గురించి పాఠకుణ్ణి ఆలోచింపజేస్తుంది కాబట్టి. సమాచారాన్ని దాచే ముగింపు పాఠకుణ్ణి ఒక్కరోజు ఆపగలదు. సందేహాన్ని మిగిల్చే ముగింపు అతన్ని రచయితకు సన్నిహితుణ్ణి చేస్తుంది. కొత్త రచయిత మొదటి పద్ధతిని అప్పుడప్పుడు వాడుకోవచ్చు గానీ దాని మీదే ఆధారపడితే ప్రతి భాగంలోనూ కొత్త తలుపు తెరవాల్సి వస్తుంది.

పాఠకులందరూ మొదటి భాగానికే రావాలన్న నియమం కూడా లేదు. ఇందుకు ఆంగ్ల సాహిత్యంలో ప్రసిద్ధమైన ఉదాహరణ చార్లెస్ డికెన్స్ పిక్‌విక్ పేపర్స్. ఇరవై నాలుగేళ్ళ వయసులో, 1836లో ఆయన మొదలుపెట్టిన ఈ మాసిక ధారావాహిక ఆరంభంలో నిస్తేజంగా సాగింది. నాలుగో సంచికలో శామ్ వెల్లర్ అనే సేవకుడి పాత్ర ప్రవేశించిన తర్వాత ఆదరణ పెరిగింది. వెయ్యి ప్రతులతో మొదలైన రచన 1837లో ముగిసేనాటికి నెలకు సుమారు 40,000 ప్రతులకు చేరింది. మొదటి మూడు సంచికల అమ్మకాలు చూసి రచయిత ఆపివేసి ఉంటే ఆ పాత్ర వెలుగులోకి వచ్చేది కాదు. పాఠకుల స్పందనను గమనించి ఆ పాత్రకు చోటు పెంచడం ధారావాహిక రచయితకు ఉన్న ప్రత్యేకమైన అవకాశం. పూర్తయిన పుస్తకం పాఠకుడి మాట విని మారలేదు, ధారావాహిక మారగలదు.

అయితే నియమం తప్పని ప్రచురణ, సాగదీత ఒకటి కావు. ప్రకటించిన రోజున భాగం రావడం పాఠకుడి పట్ల గౌరవం. కథ అయిపోయినా భాగాలు రావడం అతని సమయాన్ని వృథా చేయడం. చదివే ప్రతి భాగమూ రచయిత ఖాతాలో ఒక సంఖ్యగా మారే చోట, నలభై భాగాల్లో ముగియవలసిన కథను నూరు భాగాలకు లాగాలన్న ప్రలోభం బలంగా ఉంటుంది. కొత్త రచయిత తన తొలి రచనను చిన్నదిగా పూర్తి చేసి చూపడం మేలు. కథను మొదలుపెట్టగలడనే కాక ముగించగలడన్న నమ్మకం కుదిరినప్పుడే పాఠకుడు అతని తర్వాతి సుదీర్ఘ రచనకు సిద్ధపడతాడు.

5. నలుగురు భావకులు

కావ్యమీమాంసలో రాజశేఖరుడు భావకులను నాలుగు విధాలుగా పేర్కొన్నాడు. అరోచకికి ఏదీ రుచించదు. సతృణాభ్యవహారి గడ్డితో సహా అన్నీ ఆరగిస్తాడు, అంటే చదివిన ప్రతిదాన్నీ మెచ్చుకుంటాడు. మత్సరి గుణం కనిపించినా అంగీకరించడు. తత్త్వాభినివేశి రచన మర్మాన్ని గ్రహిస్తాడు. ఇలాంటివాడు వేయిమందిలో ఒక్కడు దొరికితే గొప్ప అని రాజశేఖరుని అభిప్రాయం. సుమారు పదకొండు వందల ఏళ్ళ కిందటి ఈ విభజన నేటి అంతర్జాల సమీక్షల పెట్టెకు ఆశ్చర్యకరంగా సరిపోతుంది.

వేదికలో అధికంగా కనిపించేవాడు సతృణాభ్యవహారి. చాలా బాగుంది, సూపర్, తర్వాతి భాగం త్వరగా పెట్టండి వంటి వ్యాఖ్యలు అతనివి. వీటిని తక్కువ చేసి చూడనవసరం లేదు. పల్లెల్లో కథ చెప్పేవారికి ఊఁ కొట్టేవాడు ఎంత అవసరమో, బుర్రకథలో వంత ఎంత అవసరమో, కొత్త రచయితకు ఈ మెప్పు అంత అవసరం. ఊఁ కొట్టేవాడు లేకపోతే కథ ఆగిపోతుంది. అయితే ఊఁ కొట్టడం కథ మీద తీర్పు కాదన్న సంగతిని కథకుడు గుర్తుంచుకోవాలి.

ఈ మెప్పులో మరో రకం ఉంది. కొత్త రచయితలు పరస్పరం ఒకరి రచనలను ఒకరు తెరిచి, రేటింగులు ఇచ్చిపుచ్చుకోవడం పేరంటంలో వాయనాల తీరును తలపిస్తుంది. ఇచ్చినవారికి తిరిగి ఇవ్వడం మర్యాద. పళ్ళెంలో ఏముందన్నది ఎవరూ పరీక్షించరు. దీనివల్ల తొలిరోజుల ఒంటరితనం తగ్గుతుంది, సంఖ్య కొంత పెరుగుతుంది. కానీ వాయనం తీసుకున్నవారందరూ పాఠకులు కారు. ఇచ్చిపుచ్చుకోవడం ఆగిన రోజున ఆ సంఖ్య కూడా ఆగుతుంది. అంతకు మించిన నష్టం మరొకటి ఉంది: తన రచనలోని లోపాన్ని ఎత్తిచూపే హక్కును రచయిత ఈ ఒప్పందంతో తోటి రచయితల నుంచి తొలగించుకుంటాడు.

అరోచకి, మత్సరి ఒక్క నక్షత్రంతో, ఒక్క పరుషవాక్యంతో తమ ఉనికిని తెలియజేస్తారు. వందమంది మెచ్చుకున్నా ఒక్కరి దూషణ కొత్త రచయితను, ముఖ్యంగా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రాస్తున్న రచయిత్రిని, కలం కింద పెట్టేలా చేయగలదు. అరోచకి మాటలో కారణం ఉందేమో చూడాలి; కారణం ఉంటే స్వీకరించాలి. మత్సరి మాట రచన గురించి కాదు కాబట్టి రచనలో దానికి జవాబు వెతకనవసరం లేదు.

తత్త్వాభినివేశి వ్యాఖ్యను గుర్తించడం కష్టమైన పని. అది సాధారణంగా పొడవుగా ఉండదు, పొగడ్తలా కూడా ఉండకపోవచ్చు. మూడో భాగంలో తండ్రి ఉత్తరం ప్రస్తావించారు, ఏడో భాగంలో అతనికి చదువు రాదన్నారు అన్న తరహా వ్యాఖ్య అది. ఆ పాఠకుడు మూడో భాగాన్ని గుర్తుపెట్టుకొని ఏడో భాగాన్ని చదివాడు. అచ్చు పత్రికలో సంపాదకుడు చేసిన పనిని ఇక్కడ జీతం లేకుండా చేశాడు. అతనికి కృతజ్ఞత చెప్పి లోపాన్ని సరిదిద్దిన రచయిత ఒక పాఠకుణ్ణి శాశ్వతంగా సంపాదించుకుంటాడు. అతని మీద అలిగి సమర్థించుకున్న రచయిత తనకు దొరికిన ఏకైక సంపాదకుణ్ణి పోగొట్టుకుంటాడు. సమస్య ఏమిటంటే, వేదిక లెక్కలో నలుగురు భావకులకూ సమానమైన విలువే. తత్త్వాభినివేశి ఇచ్చిన నాలుగు నక్షత్రాలు సతృణాభ్యవహారి ఇచ్చిన ఐదు కన్నా తక్కువగానే నమోదవుతాయి. ఆ తేడాను యంత్రం చూపదు, రచయితే చూడాలి.

6. సంఖ్య చెప్పేది, చెప్పనిది

ఎక్కువమంది చదివినదే మంచి రచన అన్న భావన ఎంతవరకు నిజం? దీనికి సమీపమైన ప్రశ్నను సంగీతం విషయంలో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ పరిశీలించి 2006లో సైన్స్ పత్రికలో ఫలితాలు వెల్లడించారు. పేరు తెలియని బృందాల 48 పాటలను 14 వేల మందికి పైగా శ్రోతల ముందుంచారు. కొందరికి పాటలు మాత్రమే కనిపించాయి. మిగిలినవారిని కొన్ని వేర్వేరు సమూహాలుగా విడదీసి, తమ సమూహంలో ఏ పాటను ఎంతమంది దిగుమతి చేసుకున్నారో చూపించారు. సంఖ్య కనిపించిన చోట ఆదరణ పొందిన పాటలకూ పొందని పాటలకూ మధ్య అంతరం పెరిగింది. ఏ పాట పైకి వస్తుందన్నది ఒక్కో సమూహంలో ఒక్కో రకంగా మారింది. చాలా మంచి పాటలు అట్టడుగుకు పోవడం, చాలా నాసిరకం పాటలు పైకి రావడం అరుదు. మధ్యస్థమైన వాటి భవిష్యత్తు మాత్రం అనూహ్యమైంది.

పాటను, ధారావాహికను ఒకే గాటన కట్టలేం. అయినా పఠనసంఖ్య బహిరంగంగా కనిపించే కథావేదికకు ఈ ఫలితం ఒక హెచ్చరిక. సంఖ్య పాఠకుల అభిరుచిని ప్రతిబింబించడంతో పాటు ఆ అభిరుచిని మలుస్తుంది కూడా. ముందుగా చదువరులు దొరికిన రచన మరింతమందికి కనిపిస్తుంది. కనిపించిన కొద్దీ చదువరులు పెరుగుతారు. కాబట్టి కొత్త రచయిత తన తక్కువ సంఖ్యను తన అసమర్థతకు రుజువుగా తీసుకోనవసరం లేదు. ఇంకొకరి ఎక్కువ సంఖ్యను అనుకరించదగిన ఆదర్శంగానూ తీసుకోనవసరం లేదు.

అయితే సంఖ్యలన్నీ నిరర్థకాలు కావు. ధారావాహికలో ప్రతి భాగానికీ విడిగా పఠనసంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యలను పోల్చి చూస్తే ఉపయోగపడే విషయం తెలుస్తుంది. ఇద్దరు కొత్త రచయితలు చెరో పది భాగాల ధారావాహిక రాశారని ఊహిద్దాం. మొదటి రచయిత తొలి భాగాన్ని 1,000 మంది తెరిచారు, పదో భాగాన్ని 100 మంది. రెండో రచయిత తొలి భాగాన్ని 200 మంది, పదో భాగాన్ని 150 మంది. మొత్తం పఠనాలను బట్టి వరుస పేర్చితే మొదటి రచయితే ముందుండవచ్చు. కానీ మొదటి రచన పదిమందిలో ఒకరిని నిలుపుకొంది. రెండో రచన నలుగురిలో ముగ్గురిని నిలుపుకొంది. మొదటి రచయితకు ఆకర్షణీయమైన గడప ఉంది. రెండో రచయితకు ఇల్లు ఉంది. గడపను మెరుగుపరచుకోవడం రెండో రచయితకు సులభం. ఇల్లు కట్టుకోవడం మొదటి రచయితకు అంత సులభం కాదు.

ఏ భాగం దగ్గర పాఠకులు ఎక్కువగా ఆగిపోయారో గమనిస్తే అది రచయితకు నిశ్శబ్దమైన సమీక్ష అవుతుంది. రెండో భాగం దగ్గర ఆగితే గడప ఇచ్చిన మాట తప్పిందేమో చూడాలి. మధ్యలో ఆగితే సాగదీత ఉందేమో చూడాలి. చివరిదాకా వచ్చినవారు రచయిత తర్వాతి రచనకు రాకపోతే ముగింపును పునరాలోచించాలి. ఒక పేజీ తెరుచుకోవడాన్ని యంత్రం నమోదు చేయగలదు. మనసు పెట్టి చదవడాన్ని నమోదు చేయలేదు. తిరిగి రావడం ఒక్కటే ఆ మనసుకు బయట కనిపించే ఆనవాలు.

7. విమర్శ బాధ్యత

1960, 70 దశకాల్లో వారపత్రికల ద్వారా విశేష పాఠకాదరణ పొందిన రచయిత్రుల నవలలను నాటి విమర్శ చాలావరకు కాలక్షేప సాహిత్యంగా పక్కన పెట్టింది. ఆ నవలలు మధ్యతరగతి స్త్రీలకు చదువరితనాన్ని అలవాటు చేసిన తీరును, వారి ఆకాంక్షలకు రూపమిచ్చిన తీరును తర్వాతి పరిశోధకులు గుర్తించేనాటికి అప్పటి పాఠకుల స్పందనలు చాలావరకు చెదిరిపోయాయి. అంతర్జాల ధారావాహికల విషయంలో అదే నిర్లక్ష్యం పునరావృతం కాకూడదు.

రాజశేఖర చరిత్రము మూడో ప్రకరణం చదివి వివేకవర్ధని చందాదారు ఏమనుకున్నాడో తెలుసుకొనే వీలు నేటి పరిశోధకుడికి దాదాపుగా లేదు. అంతర్జాల ధారావాహికలో ఒక్కో భాగం కిందే ఆనాటి స్పందన నమోదై ఉంటుంది. పాఠకుల కోరికతో పాత్ర ఎక్కడ మారింది, విమర్శకు రచయిత ఎక్కడ జవాబిచ్చాడు, ఎక్కడ లొంగిపోయాడు అన్న విషయాలను పాఠంతో పాటు పరిశీలించవచ్చు. పాఠక ప్రతిస్పందన సిద్ధాంతాలకు తెలుగులో ఇంత విస్తృతమైన ఆకరం ఇంతకుముందు లేదు. ఇది శాశ్వతం కూడా కాదు. రచయిత రచనను తొలగిస్తే వ్యాఖ్యలూ అందుబాటులో ఉండకపోవచ్చు. పాత పత్రికల సంచికలను గ్రంథాలయాలు భద్రపరిచాయి. అంతర్జాల రచనలకు అలాంటి ఏర్పాటును విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఆలోచించాలి.

అధ్యాపకులు, పరిశోధకులు ఈ వేదికల్లో పాఠకులుగా పాల్గొనడం కూడా అవసరమే. సంపాదకుడు లేని చోట తత్త్వాభినివేశి కొరత తీవ్రంగా ఉంటుంది. వేయిమందిలో ఒక్కడైన ఆ భావకుడు తరగతి గదికే పరిమితమైతే, కొత్త రచయిత మంచిచెడ్డలు తెలుసుకొనేందుకు సంఖ్య తప్ప మరో ఆధారం మిగలదు. ఆ రచయిత రాసినదాన్ని ఇరవై ఏళ్ళ తర్వాత నాసిరకమని తీర్మానించే అర్హత, ఈరోజు ఒక్క వ్యాఖ్య కూడా రాయని విమర్శకుడికి ఉండదు.

8. ఉపసంహారం

పై పరిశీలన ద్వారా ఈ కింది అంశాలు తేలాయి.

1. అచ్చు పత్రికలో కొత్త రచయితకు పత్రిక పాఠకులే పాఠకులు. అంతర్జాల వేదికలో ఎంపిక, దిద్దుబాటు, స్థాన కల్పన అనే సంపాదక కార్యాలు రచయిత, పాఠకుడు, యంత్రం మధ్య చెదిరిపోయాయి. తిరస్కారం స్థానంలో నిశ్శబ్దం వచ్చింది.

2. శీర్షిక, పరిచయం, వర్గీకరణ పాఠకుడికి ఇచ్చే మాటలు. ఆ మాట తప్పిన రచన తొలి భాగానికి పాఠకులను తెచ్చుకున్నా, రచయితగా విశ్వాసాన్ని కోల్పోతుంది.

3. సమాచారాన్ని దాచే ముగింపు తాత్కాలిక ఉత్కంఠను కలిగిస్తుంది. పాత్రల మంచిచెడ్డలపై సందేహాన్ని మిగిల్చే ముగింపు, భేతాళ కథల తరహాలో, పాఠకుణ్ణి రచయితతో కలిసి ఆలోచింపజేస్తుంది.

4. రాజశేఖరుడు చెప్పిన నాలుగు రకాల భావకులూ అంతర్జాల వేదికలో ఉన్నారు. వేదిక వారిని ఒకే లెక్కలో చేరుస్తుంది. వారిని వేరుచేసి గ్రహించడం కొత్త రచయిత నేర్చుకోవలసిన మొదటి విద్య.

5. మొత్తం పఠనసంఖ్య కన్నా, భాగం నుంచి భాగానికి నిలిచిన పాఠకుల నిష్పత్తి రచన బలాన్ని సరిగా సూచిస్తుంది.

కొత్త రచయితకు తొలినాళ్ళలో దక్కే పాఠకులు పదిమందో ఇరవైమందో కావచ్చు. వారపత్రికల లక్షల పాఠకులతో పోలిస్తే అది లెక్కలోనికి రాదు. కానీ ఆ పదిమందీ ఎవరి సిఫారసూ లేకుండా వచ్చి, మరో భాగం కోసం తిరిగి వచ్చినవారైతే, ఏ పత్రికా అప్పుగా ఇవ్వలేని ఆస్తి ఆ రచయితకు సమకూరినట్టే.